బోరు మోటారు కరెంటు డేటాలో డ్రై రన్ అయిన సమయాలను సరిగ్గా పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నార్పల దగ్గర చీనీ తోటలో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారుకు కరెంటు లాగర్ (రీడింగ్‌లు నమోదు చేసే పరికరం) పెట్టారు. సెకనుకో రీడింగ్, నెల రోజుల డేటా ఉంది. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు 7.5 ఆంప్స్ దగ్గర, బోరులో నీళ్లు తగ్గి గాలి లాగుతున్నప్పుడు, అంటే డ్రై రన్‌లో, 4.5 దగ్గర ఉంటోంది. "5.5 కంటే తక్కువగా కనీసం 20 సెకన్లు వరసగా ఉన్న సమయాలన్నీ" మీకు కావాలి. పైథాన్‌లో ఫర్ లూప్ రాస్తే మూడు చిక్కులు వచ్చాయి. రెండు మూడు సెకన్ల ముక్కలు వేల కొద్దీ వస్తున్నాయి. కొన్ని రోజుల్లో ఆఖరి ముక్క అసలు రావడం లేదు. మోటారు ఆపేసిన రాత్రంతా డ్రై రన్ కింద లెక్కకు వస్తోంది.

జవాబు ఇదీ. ప్రతి రీడింగ్‌కూ షరతు నిజమైతే 1, కాకపోతే 0 వేయండి. ఆ వరసకు ముందొక 0, వెనకొక 0 అతికించండి. పక్కపక్క విలువల తేడా తీయండి. +1 వచ్చిన చోట ముక్క మొదలు, -1 వచ్చిన చోట ముక్క ముగింపు. ఆ తర్వాత ముందు ముక్కల మధ్య చిన్న సందులు పూడ్చాలి, ఆపైనే పొట్టి ముక్కలు తీసేయాలి. ఈ వరస తారుమారైతే ఫలితం తప్పుతుంది. మొదలూ ముగింపూ వెతకడం మూడు లైన్ల పని. అసలు కష్టం షరతును సరిగ్గా చెప్పుకోవడంలో ఉంది: ఏది సందు, ఏది మోటారు ఆగడం, ఏది డేటా లేకపోవడం. మీకు వచ్చిన మూడు చిక్కుల్లో రెండు అక్కడివే.

ముందు షరతు సంగతి. "5.5 కంటే తక్కువ" అంటే సున్నా కూడా తక్కువే కదా. రాత్రంతా డ్రై రన్‌గా కనబడటానికి కారణం అంతే. మోటారు తిరుగుతోంది అనే మాట షరతులోకి రావాలి: 1 ఆంప్ కంటే ఎక్కువ, 5.5 కంటే తక్కువ. కింద హద్దు సున్నా పెట్టకండి. మోటారు ఆగి ఉన్నా కరెంటు కొలిచే సీటీ కాయిల్, లాగర్ కలిసి 0.1, 0.2 లాంటి రీడింగ్‌లు ఇస్తూనే ఉంటాయి.

ఇప్పుడు 12 సెకన్ల డేటా ఒకటి తీసుకుని చేతితో చేసి చూద్దాం. స్థానాలను 0 నుంచి లెక్కపెడుతున్నాను.

రీడింగ్‌లు: 7.6, 7.5, 4.8, 4.6, 4.7, 7.4, 4.5, 4.4, 0.0, 0.0, 7.5, 4.6

షరతు: 0 0 1 1 1 0 1 1 0 0 0 1

రెండు చివర్లా సున్నాలు అతికించాక తేడా: 0 0 +1 0 0 -1 +1 0 -1 0 0 +1 -1

మొదళ్లు 2, 6, 11. ముగింపులు 5, 8, 12. పొడవులు 3, 2, 1. ముగింపు స్థానం ముక్కలో భాగం కాదు, ముక్క అయిపోయాక వచ్చే మొదటి స్థానం అది. అందుకే ముగింపులోంచి మొదలు తీసేస్తే పొడవు నేరుగా వస్తుంది, ఎక్కడా 1 కలపక్కర్లేదు. పొడవులన్నీ కూడితే 6. షరతు వరసలో ఉన్న 1లు కూడా ఆరే. ఈ రెండు అంకెలూ ఎప్పుడూ సమానంగా ఉండాలి, కాబట్టి ఈ తనిఖీని కోడ్‌లోనే పెట్టేయండి.

చివర సున్నా అతికించకపోతే 11వ స్థానంలో మొదలైన ముక్కకు ముగింపే దొరకదు. మీ ఆఖరి ముక్క మాయమవుతున్నది ఇందుకే: లూప్‌లో ముక్కను "షరతు తప్పినప్పుడు" మాత్రమే జాబితాలో వేస్తున్నారు, ఫైలు అయిపోయేటప్పటికి షరతు ఇంకా నిజంగానే ఉంది. ఫైలు మొదట్లోనే షరతు నిజమైతే ఇంకా ఇబ్బంది. మొదటి ముగింపుకు మొదలు ఉండదు. మార్పు ఉన్న చోట్లను వరసగా రెండేసి జత కడితే జతలన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి, డ్రై రన్ ముక్కలకు బదులు వాటి మధ్య ఉన్న మంచి సమయాలు బయటికి వస్తాయి. ఎర్రర్ ఏమీ రాదు, చూడ్డానికి అంకెలు మామూలుగానే ఉంటాయి.

నంపైలో (పైథాన్‌లో అంకెల వరసలతో పనిచేసే లైబ్రరీ) చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. షరతు వరస ట్రూ, ఫాల్స్ రూపంలో ఉండగా తేడా తీసే డిఫ్ ఫంక్షన్ వాడితే +1, -1 రావు. మార్పు ఉన్న ప్రతిచోటా ట్రూ వస్తుంది, మొదలేదో ముగింపేదో తెలియదు. జాగా కలిసొస్తుందని ప్లస్, మైనస్ గుర్తు లేని 8 బిట్ల పూర్ణాంకాలుగా మారిస్తే -1 కాస్తా 255 అవుతుంది. గుర్తు ఉన్న పూర్ణాంకాలుగా మార్చాకే తేడా తీయండి.

నెల డేటా అంటే 86,400 ఇంటూ 30, మొత్తం 25,92,000 రీడింగ్‌లు. నంపైకి ఇది క్షణంలో పని. ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరసలే పడతాయి కాబట్టి నెలంతా పట్టదు. వ్యవసాయ ఫీడర్‌కు కరెంటు ఉండే 9 గంటలు మాత్రమే ఉంచుకుంటే రోజుకు 32,400, నెలకు 9,72,000 వరసలు, అప్పుడు పడుతుంది. ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ పెట్టి, షరతు నిజమైతే పై గడికి 1 కలపమని, కాకపోతే 0 వేయమని రాయండి. కింది గడి 0 అయిన చోట ఉన్న అంకే ఆ ముక్క పొడవు.

సందులు పూడ్చడం. బోరు నీళ్లు వదిలి వదిలి పోసేటప్పుడు కరెంటు 4.5కి పడిపోతుంది, ఒక సెకను 7కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. రైతు దృష్టిలో అది ఒకటే డ్రై రన్. 14 సెకన్లు కింద, 1 సెకను పైన, మళ్లీ 17 సెకన్లు కింద ఉందనుకోండి. ముందుగా 20 సెకన్ల కంటే పొట్టివి తీసేస్తే రెండు ముక్కలూ పోతాయి, అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. ముందు సందు పూడిస్తే 32 సెకన్ల ఒకే ముక్క వస్తుంది. ఎంత సందు పూడ్చాలి? మీ డేటాకు 3 నుంచి 5 సెకన్లతో మొదలుపెట్టండి. అంకె మార్చుతూ మొత్తం ముక్కల సంఖ్య చూడండి. 3కీ 5కీ 7కీ పెద్ద తేడా లేకపోతే నమ్మొచ్చు. ప్రతి సెకనుకూ సంఖ్య పడిపోతూనే ఉంటే చిక్కు సందుల్లో లేదు, గీత (5.5 అనే హద్దు) గీసిన చోటులో ఉంది.

పైన చేసిన ఉదాహరణలో 5వ స్థానం దగ్గర ఒక సెకను సందు ఉంది, దాన్ని పూడ్చొచ్చు. అప్పుడు 2 నుంచి 8 దాకా 6 సెకన్ల ముక్క అవుతుంది. 8 నుంచి 11 దాకా ఉన్నది కూడా 3 సెకన్ల సందే, కానీ అందులో మోటారు ఆగింది, మళ్లీ స్టార్ట్ అయింది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పూడ్చకూడదు. కాబట్టి పూడ్చే ముందు ఆ సందులో ఉన్న అతి తక్కువ రీడింగ్ చూడండి. 1 ఆంప్ కంటే కిందికి పోయి ఉంటే అది సందు కాదు, హద్దు. ఈ తేడా పట్టించుకోకపోతే ఆటో స్టార్టర్ ట్రిప్ అయి మళ్లీ ఎత్తుకున్న సందర్భాలన్నీ ఒకే పొడవాటి డ్రై రన్‌గా కలిసిపోతాయి. అసలు తెలుసుకోవలసింది, మోటారు ఎన్నిసార్లు ఆగి లేచిందన్నది, పోతుంది.

సైపై అనే పైథాన్ లైబ్రరీలో బైనరీ క్లోజింగ్ అనే ఫంక్షన్ ఉంది, సందులు అదే పూడుస్తుంది. కానీ మామూలు సెట్టింగ్‌లో అది ఫైలు మొదటి చివర, ఆఖరి చివర ఆనుకుని ఉన్న ముక్కల అంచులు తినేస్తుంది. వాడాలనుకుంటే ముందూ వెనకా సరిపడా సున్నాలు చేర్చి, పనయ్యాక కోసేయండి. పైగా ఆ ఫంక్షన్‌కు మోటారు ఆగడం, ఒక్క సెకను లేవడం రెండూ ఒకటే. ఈ పనికి ముక్కల జాబితా మీద నడిచే చిన్న లూపే మేలు. జాబితాలో కొన్ని వేల ముక్కలే ఉంటాయి, లూప్ అని భయపడక్కర్లేదు.

ఒక గీత చాలదు, రెండు గీతలు కావాలి. వేల ముక్కలు రావడానికి పెద్ద కారణం ఇది. కరెంటు సరిగ్గా 5.5 దగ్గర ఊగుతుంటే 5.4, 5.6, 5.4 అంటూ రెండు సెకన్లకో కొత్త ముక్క పుడుతుంది. లోపలికి రావడానికి ఒక గీత, బయటికి పోవడానికి ఇంకో గీత పెట్టండి. 5.0 కిందికి పడితే డ్రై రన్ మొదలు, 5.8 పైకి లేస్తేనే ముగింపు, మధ్యలో ఉన్నంతసేపు ముందున్న స్థితే. పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీలో లూప్ లేకుండా ఇలా చేయొచ్చు: ఖాళీ కాలమ్ పెట్టి, 5.8 పైన ఉన్నచోట 0, 5.0 కింద ఉన్నచోట 1 వేసి, ఆ తర్వాత 1 ఆంప్ కంటే తక్కువ ఉన్నచోట 0 వేయండి. మిగిలిన ఖాళీలను ముందు విలువతో నింపండి, మొట్టమొదట మిగిలిన ఖాళీలకు 0. మోటారు ఆఫ్ అనే సున్నాను చివరనే వేయాలి, ఎందుకంటే ఆగిన మోటారు 5.0 కిందే ఉంటుంది, ముందు వేస్తే డ్రై రన్ 1 దాన్ని తుడిచేస్తుంది.

ఈ గీతలు ఎక్కడ గీయాలన్నది ఊహించవద్దు. మోటారు తిరుగుతున్న రీడింగ్‌లన్నిటికీ 0.1 ఆంప్ వెడల్పుతో హిస్టోగ్రామ్ (ఏ రీడింగ్ ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫ్) వేయండి. రెండు గుట్టలు కనబడతాయి, ఒకటి నీళ్లున్నది, ఒకటి లేనిది. మధ్య లోయకు అటొకటి ఇటొకటి గీయండి. మోటారు మారితే, రీవైండింగ్ చేయిస్తే, పైపులు దించి లోతు పెంచితే మళ్లీ వేయాలి. పక్క తోట మోటారు అంకెలు ఇక్కడ పనికిరావు.

లాగర్‌లో వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి పోయే వంతు) కూడా వస్తుంటే కరెంటు వదిలేసి కిలోవాట్ల మీద షరతు పెట్టండి. ఖాళీగా తిరిగే మోటారు కరెంటు బాగా తగ్గదు, పవర్ ఫ్యాక్టర్ మాత్రం బాగా పడుతుంది. 415 వోల్టుల దగ్గర 7.5 ఆంప్స్, 0.83 పవర్ ఫ్యాక్టర్ అనుకుంటే సుమారు 4.5 కిలోవాట్లు. నీళ్లు లేనప్పుడు 4.5 ఆంప్స్, 0.5 అనుకుంటే 1.6 కిలోవాట్లు. కరెంటు 60 శాతానికి తగ్గితే పవర్ 36 శాతానికి తగ్గింది, రెండు గుట్టలూ బాగా దూరం జరిగాయి. ఫీడర్ చివరి ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఉన్న బోర్లకు ఇది మరీ అవసరం. వోల్టేజీ పడితే లోడు మీదున్న మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఖాళీ మోటారు తక్కువ లాగుతుంది. కరెంటు మీద గీసిన గీత వోల్టేజీతో పాటు నిజానికి జరుగుతూ ఉంటుంది.

సగటు తీసి నునుపు చేయకండి. చాలామంది ముందు 60 సెకన్ల జరిగే సగటు (ప్రతి సెకనుకూ వెనకటి 60 రీడింగ్‌ల సగటు) తీసి, దాని మీద షరతు పెడతారు. ఈ డేటాకు అది హాని చేస్తుంది. మోటారు ఆపగానే అసలు కరెంటు 7.5 నుంచి నేరుగా 0కి పడుతుంది. సగటు మాత్రం మెట్టు మెట్టుగా దిగుతుంది. అలా దిగుతూ 1కీ 5.5కీ మధ్య 35 సెకన్లు ఉంటుంది. అంటే మంచిగా నీళ్లు పోస్తున్న మోటారును ఆపిన ప్రతిసారీ 35 సెకన్ల దొంగ డ్రై రన్ ఒకటి పుడుతుంది, మీ 20 సెకన్ల జల్లెడ కూడా దాటేస్తుంది. స్టార్ట్ చేసినప్పుడూ ఇంతే. ఒకటి రెండు సెకన్ల పోటులే తీసేయాలంటే 5 రీడింగ్‌ల మీడియన్ (వాటిని వరసలో పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) వాడండి. మీడియన్ 7.5 నుంచి నేరుగా 0కే దూకుతుంది, అంచు చెదరదు. స్టార్టింగ్‌లో కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎగిరి దిగుతుంది కాబట్టి మోటారు ఆన్ అయిన మొదటి 10 సెకన్లను లెక్క నుంచి తప్పించడం కూడా మంచిదే.

డేటా లేని చోటు గురించి మీరు అడగలేదు, కానీ పల్లెల్లో పెట్టిన లాగర్లలో ఇది తప్పకుండా ఎదురవుతుంది. సిగ్నల్ లేక 3 నిమిషాల రీడింగ్‌లు రాలేదనుకోండి. ఫైల్లో ఆ ముందు వరసా ఆ తర్వాత వరసా పక్కపక్కనే ఉంటాయి. వరసలు లెక్కపెట్టి "20 రీడింగ్‌లు కాబట్టి 20 సెకన్లు" అనుకుంటే తప్పవుతుంది. కాబట్టి మొదట చేయవలసిన పని, పక్కపక్క వరసల సమయాల తేడా చూడటం. 1.5 సెకన్లు దాటిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. రెండు మూడు సెకన్ల లోటైతే ముందు స్థితినే కొనసాగించవచ్చు. అంతకు మించితే ఫైలును అక్కడ తెంచి, ప్రతి భాగాన్నీ విడిగా లెక్క చేయాలి. పాండాస్‌లో రీడింగ్ లేని గడిని 5.5తో పోలిస్తే ఫాల్స్ వస్తుంది, అంటే లోటు "నీళ్లున్నాయి" అన్నట్టు లెక్కలోకి జారుకుంటుంది. అదే, పైన చెప్పిన రెండు గీతల పద్ధతిలో ఖాళీలను ముందు విలువతో నింపితే 3 నిమిషాల లోటు మొత్తం డ్రై రన్ అయిపోతుంది. ముందు తెంచి, తర్వాత నింపితే ఈ రెండూ రావు.

ఇక్కడ మీ లాగర్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూసుకోండి. మోటారు లైన్ నుంచే వస్తుంటే, కరెంటు పోతే లాగరూ ఆగుతుంది. అప్పుడు లోటు అంటే మోటారు ఆగిందనే అర్థం. బ్యాటరీ మీద నడుస్తూ సిమ్ సిగ్నల్ మాత్రమే పోతుంటే, ఆ లోటులో మోటారు తిరుగుతూ ఉండవచ్చు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి, తీర్పు మాత్రం వేరు.

లోటుకు గానీ ఫైలు చివరకు గానీ ఆనుకున్న ముక్కలకు పట్టికలో ఒక గుర్తు వేయండి. వాటి నిడివి "కనీసం ఇంత" మాత్రమే, అసలు నిడివి తెలియదు. సగటు డ్రై రన్ ఎంతసేపు అని లెక్క తీసేటప్పుడు వాటిని మిగతావాటితో కలిపితే సగటు తగ్గిపోతుంది. రోజుకో ఫైలు చొప్పున లాగర్ రాస్తుంటే, అన్నీ కలిపాకే ముక్కలు వెతకండి. ఇంకో మాట, ఫైల్లో సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటే రోజు మారేది మనకు ఉదయం 5:30కి. పొద్దున్నే కరెంటిచ్చే ఫీడర్ అయితే సరిగ్గా మోటారు తిరిగే వేళకే ఫైలు తెగుతుంది.

షరతులు రెండు మూడు కలపాలంటే, ఉదాహరణకు "వోల్టేజీ 360 కంటే తక్కువ, అదే సమయంలో డ్రై రన్" అంటే, ముక్కల జాబితాలు రెండూ విడిగా తీసి ఒకదానితో ఒకటి పోల్చే కష్టం వద్దు. సున్నా-ఒకట్ల వరసలను ముందే గుణించి, వచ్చిన ఒక్క వరసలో ముక్కలు వెతకండి. ఒకవేళ "వోల్టేజీ పడిన 2 నిమిషాల్లోపు డ్రై రన్" అనే లాంటి షరతైతే మాత్రం జాబితాలే కావాలి.

ఇదే పద్ధతిని సోలార్ డేటాకు వాడతానని మీరు చివర్లో రాశారు. అక్కడ స్థిరమైన గీత పనికిరాదు. పాణ్యం దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట మబ్బు కమ్మిన సమయాలు వెతకాలనుకోండి. ఉదయం 8కి మబ్బు లేకున్నా ఎండ మధ్యాహ్నం మబ్బులో ఉన్నంతే ఉండొచ్చు. మబ్బు లేని రోజు అదే వేళకు ఎంత రావాలో ఆ అంకెతో భాగించి, వచ్చిన నిష్పత్తి మీద షరతు పెట్టాలి. పొద్దు బాగా కిందికి ఉన్న వేళ ఆ భాగహారం నిలకడగా ఉండదు కాబట్టి ఆ రీడింగ్‌లు వదిలేయాలి. రామగిరి వైపు గాలిమరల డేటా చాలాసార్లు 10 నిమిషాల సగటుగా వస్తుంది. అందులో 5 నిమిషాల ముక్కలు వెతకడానికి ఆస్కారమే లేదు.

ఫలితం నమ్మే ముందు దొంగ డేటాతో పరీక్షించండి. అన్నీ 1లు, అన్నీ 0లు, మొదటి రీడింగ్ మాత్రమే 1, ఆఖరిది మాత్రమే 1, అసలు రీడింగ్‌లే లేని ఖాళీ ఫైలు. ఈ ఐదింటికీ జవాబు ముందే తెలుసు. ఆ తర్వాత అసలు డేటాలో దొరికిన ముక్కల్లోంచి ఓ పది తీసి, అటు ఒక నిమిషం ఇటు ఒక నిమిషం కలిపి గ్రాఫ్ వేసి కళ్లతో చూడండి. దొరికినవి చూస్తే సరిపోదు. దొరకని రోజుల్లోంచీ రెండు మూడు గ్రాఫ్‌లు వేయాలి, వదిలేసినవి అక్కడే బయటపడతాయి.

పట్టికలో ఒక్కో ముక్కకు మొదలైన సమయం, ముగిసిన సమయం, నిడివి, అతి తక్కువ కరెంటు, తెగిందా లేదా అన్న గుర్తు, వీటితో పాటు మోటారు ఆన్ చేసిన ఎన్ని నిమిషాలకు ఈ డ్రై రన్ వచ్చింది అన్నది కూడా పెట్టండి. తోట వాళ్లకు అన్నిటికంటే అక్కరకొచ్చేది ఈ ఆఖరి కాలమే. ఆన్ చేసిన 40 నిమిషాలకు ఎప్పుడూ గాలి లాగుతుంటే స్టార్టర్‌కు టైమర్ పెట్టి 35 నిమిషాలకు ఆపి, బోరులో నీళ్లూరేదాకా విరామం ఇవ్వొచ్చు. లేదా గేట్ వాల్వ్ కొంచెం తిప్పి పోత తగ్గించి చూడొచ్చు. వారం వారం ఆ నిమిషాలు తగ్గుతూ వస్తుంటే బోరులో నీటిమట్టం పడిపోతోందని అర్థం.

ఇదంతా రికార్డైన డేటాకు. లాగర్‌లోనే లెక్క చేసి మోటారును అప్పటికప్పుడు ఆపాలంటే ముందు వెనకలు చూసే వీలుండదు, అక్కడ లూపే సరైనది. 1 ఆంప్ పైన, 5.0 కింద ఉన్న ప్రతి సెకనుకూ లెక్కకు 1 కలపండి, 5.8 పైకి లేస్తే సున్నా చేయకుండా 3 తగ్గించండి, సున్నా కిందికి మాత్రం పోనివ్వకండి. లెక్క 20 చేరితే రిలే (మోటారును ఆపే స్విచ్) తెరవండి. ఒక్క సెకను లేచినందుకు లెక్క మొదటికి రాదు, నిజంగా నీళ్లొస్తే కొన్ని సెకన్లలోనే దిగిపోతుంది.